కొత్త చోట పాత నాణేల అన్వేషణకు మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800: ఒక సమీక్ష

మెటల్ డిటెక్టర్ల సమీక్షలు చాలావరకు లోతు గురించిన ప్రశంసతో మొదలై దానితోనే ముగుస్తాయి. ఏ పరికరం ఎన్ని అంగుళాల కింద ఉన్న నాణేన్ని పట్టుకుంటుందన్న లెక్క తెలిసిన నేల మీద తిరిగేవారికి కొంత ఉపయోగపడవచ్చు గానీ, ఇంతకుముందు ఎన్నడూ అడుగుపెట్టని చోటికి పాత నాణేల కోసం వెళ్లేవారికి దానివల్ల ఒరిగేది తక్కువని నా అభిప్రాయం. అలవాటైన చోట ఏ మూలన మేకులు ఎక్కువగా ఉంటాయో, ఏ సంకేతం వస్తే తవ్వాలో, ఏది వస్తే వదిలేయాలో అనుభవమే చెబుతుంది. కొత్త చోట ఈ ఆధారం ఏదీ ఉండదు. ఆ నేలలో ఎంత ఇనుము ఉంది, మట్టిలో ఖనిజాల పాలు ఎంత, అక్కడ చలామణి అయిన నాణేలు ఏ లోహానివి అన్న సంగతులన్నీ చేతిలో ఉన్న పరికరం ద్వారానే, అదీ మొదటి గంటలోనే తెలుసుకోవాలి. నేలను ఎంత త్వరగా చదవనిస్తుంది, మనం తొందరపడి తప్పు నిర్ణయం తీసుకోకుండా ఎంతవరకు ఆపుతుంది అన్న ఈ రెండు ప్రశ్నలతోనే ఈక్వినాక్స్ 800ను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

ఆస్ట్రేలియా సంస్థ మైన్‌ల్యాబ్ ఈ పరికరాన్ని 2018లో మార్కెట్‌లోకి తెచ్చింది. ఒకే సమయంలో అనేక పౌనఃపున్యాలతో పనిచేసే మల్టీ ఐక్యూ పద్ధతి దీని ప్రధానాంశం. కావాలనుకుంటే 5, 10, 15, 20, 40 కిలోహెర్ట్జ్‌లలో ఏదో ఒక్కదానితో కూడా పనిచేయించవచ్చు. బరువు 1.34 కిలోలు. నేల మీద ఊపుతూ వెతికే పళ్లెం లాంటి భాగాన్ని కాయిల్ అంటారు. దీనితో వచ్చేది 11 అంగుళాల డబుల్ డి రకానిది, అంటే లోపలి తీగచుట్టలు రెండు డి అక్షరాల ఆకారంలో ఉంటాయి.

ఒకే పౌనఃపున్యంతో పనిచేసే డిటెక్టర్‌కు స్వభావసిద్ధమైన పరిమితి ఒకటి ఉంది. తక్కువ పౌనఃపున్యం పెద్ద వెండి నాణేలకు, మందపాటి రాగి నాణేలకు బాగా స్పందిస్తుంది. ఎక్కువ పౌనఃపున్యం పలుచని చిన్న నాణేలకు, చిన్న బంగారు వస్తువులకు చక్కగా స్పందిస్తుంది. ఏ కాలపు నాణేలు దొరుకుతాయో ముందే తెలిసినప్పుడు ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కష్టం కాదు. తెలియని చోట ఆ ఎంపిక ఊహ మీదే ఆధారపడుతుంది, ఊహ తప్పితే రోజంతా నాణేల మీదుగా నడిచి వెళ్లిపోవడమే అవుతుంది. బహుళ పౌనఃపున్యాల పద్ధతి ఈ ఎంపికను వాయిదా వేయనిస్తుంది కనుకనే, కొత్త నేల మీద దీనికున్న మొదటి యోగ్యత ఇదే అంటాను. ఒక్క పౌనఃపున్యానికి మారవలసిన అవసరం పొరుగున ఉన్న విద్యుత్ తీగల వల్ల గోల భరించలేనంతగా ఉన్నప్పుడు తప్ప నాకు పెద్దగా కనిపించలేదు.

కొత్త చోట పరికరాన్ని ఆన్ చేయగానే వెతకడం మొదలుపెట్టకూడదు. ముందుగా కాయిల్‌ను కదల్చకుండా పట్టుకుని నాయిస్ క్యాన్సిల్ చేయాలి. చుట్టుపక్కల ఉన్న విద్యుత్ తీగలు, మొబైల్ ఫోన్లు, ఇతర డిటెక్టర్ల జోక్యం తక్కువగా ఉన్న ఛానల్‌ను పరికరం తానే వెతుక్కుని కొద్ది సెకన్లలో స్థిరపడుతుంది. జేబులోని ఫోన్ కాయిల్‌కు దగ్గరగా వచ్చినా అడ్డుపడుతుంది కాబట్టి దాన్ని ఈ సమయంలో దూరంగా ఉంచడం మంచిది. ఆ తరువాత గుర్రపు లాడం గుర్తు ఉన్న బటన్‌ను నొక్కితే, అంతకుముందు పరికరం దాచిపెడుతున్న ఇనుప సంకేతాలన్నీ వినిపించడం మొదలవుతుంది. ఈ ఒక్క బటన్‌ను నేను పరికరంలోని మిగిలిన అన్ని సదుపాయాలకన్నా విలువైనదిగా భావిస్తాను. చాలామంది కొత్త చోట కూడా ఇనుమును నిశ్శబ్దంగా తీసివేసే ఏర్పాటుతోనే నడుస్తారు. అలా నడిచినప్పుడు ఏ శబ్దమూ రాని నేల ఖాళీ నేలో, మేకులతో నిండిన పాత ఇంటి స్థలమో తేడా తెలియదు. పాత నాణేలు వెతికేవారికి ఈ తేడాను మించిన సమాచారం లేదు. మనుషులు నివసించిన చోట, బండ్లు ఆగిన చోట, సంత జరిగిన చోట ఇనుము రాలుతుంది. ఇనుము చిక్కగా ఉన్న చోటే నాణేలు జారిపడే అవకాశమూ ఎక్కువ. అందువల్ల మొదట విశాలంగా అటూ ఇటూ నడుస్తూ, ఏమీ తవ్వకుండా, ఇనుప శబ్దం ఎక్కడ పెరుగుతోంది, ఎక్కడ తగ్గుతోంది అన్నది గమనించి స్థలానికి మనసులో ఒక పటం గీసుకోవాలి. ఈక్వినాక్స్‌లో ఒక్క నొక్కుతో ఇనుమును వినడం, మరో నొక్కుతో వినకుండా ఉండడం సాధ్యం కావడం వల్ల ఈ పని విసుగు లేకుండా సాగుతుంది.

గ్రౌండ్ బ్యాలెన్స్ విషయంలో, అంటే మట్టిలోని ఖనిజాలకు తగ్గట్టు పరికరాన్ని సర్దడంలో, తయారీదారు సలహా వివేకవంతంగా ఉంది. పార్క్, ఫీల్డ్ అనే మోడ్‌లలో, అంటే స్థలాన్ని బట్టి తయారీదారు ముందే చేసి ఉంచిన అమరికల్లో, అది సున్నా వద్ద స్థిరంగా ఉంటుంది, చాలా నేలల్లో దాన్ని అలాగే వదిలేయవచ్చు. అయితే ఇనుప ఖనిజం ఎక్కువగా ఉన్న ఎర్రమట్టిలోనో, కాలిన ఇటుక ముక్కలు, లోహం కరిగించిన చిట్టెం కలిసిన పాత నివాసస్థలంలోనో నేలే శబ్దం చేస్తుంది. మట్టి కాలినప్పుడు దాని అయస్కాంత గుణం పెరుగుతుంది కాబట్టి పాత పొయ్యిలు, కూలిన ఇటుక గోడలు కూడా డిటెక్టర్‌ను కలవరపెడతాయి. అటువంటి చోట లోహమేదీ లేని జానెడు నేల వెతుక్కుని, బటన్ నొక్కి పట్టుకుని కాయిల్‌ను పైకీ కిందికీ ఆడిస్తే పరికరం ఆ మట్టికి సర్దుకుంటుంది. లోహం లేని ఆ కాస్త చోటు దొరకడమే కొన్ని పాత స్థలాల్లో అసలు కష్టం. దాని కోసం పట్టిన సమయం వృథా కాదని మాత్రం నమ్మకంగా చెప్పగలను, ఎందుకంటే సర్దుకోని పరికరంతో సెన్సిటివిటీని, అంటే బలహీన సంకేతాలకు కూడా స్పందించే స్థాయిని, ఎంత పెంచినా పెరిగేది గోలే. సెన్సిటివిటీ గరిష్ఠంగా 25 వరకు ఉంది. కాయిల్ కదలకుండా ఉన్నప్పుడు మౌనంగా ఉండే స్థాయికి దాన్ని దించి పనిచేయడమే కొత్త చోట క్షేమం.

మోడ్‌ల ఎంపికలో పేర్లను పట్టుకుని వేలాడనవసరం లేదు. పార్క్ 1, ఫీల్డ్ 1 తక్కువ పౌనఃపున్యాల వైపు మొగ్గు చూపుతాయి. పార్క్ 2, ఫీల్డ్ 2 ఎక్కువ పౌనఃపున్యాల వైపు మొగ్గు చూపి చిన్న నాణేలను, పలుచని నాణేలను, నిలువుగా పడి ఉన్న నాణేలను మరింత స్పష్టంగా చెబుతాయి. ఏ కాలపు స్థలమో తెలియనప్పుడు పార్క్ 1తో మొదలుపెట్టి, ఇనుప శబ్దం చిక్కగా ఉన్న భాగాన్ని గుర్తించాక అక్కడికి ఫీల్డ్ 2తో మళ్లీ రావడం నాకు అన్నిటికన్నా బాగా పనిచేసిన పద్ధతి. ఫీల్డ్ 2లో 50 స్వరాలు వినిపిస్తాయి. అలవాటు లేని చెవికి మొదట్లో అది అలసట కలిగిస్తుంది, కానీ సంకేతం కొద్దిగా మారినా స్వరం మారడం వల్ల తెర వైపు చూడకుండానే వస్తువు స్వభావం తెలియడం మొదలవుతుంది. సముద్రతీరానికి బీచ్ మోడ్‌లు, చిన్న బంగారు తునకలకు గోల్డ్ మోడ్‌లు వేరుగా ఉన్నాయి. పాత నాణేల కోసం పొలాల్లో తిరిగేవారికి వాటి అవసరం అరుదు.

ఈ పరికరం తన ధరకు న్యాయం చేసేది ఇనుము మధ్యలోనే. నాణెం పక్కన మేకు ఉన్నప్పుడు రెండింటి సంకేతాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, ఇనుప సంకేతం నాణేన్ని కప్పేస్తుంది. మేకు మీదుగా వచ్చిన సంకేతం నుంచి తేరుకుని తరువాతి వస్తువును వేరుగా వినడానికి డిటెక్టర్ ఎంత త్వరగా సిద్ధమవుతుందన్న దాన్ని రికవరీ స్పీడ్ అంటారు. ఈక్వినాక్స్ 800లో దీన్ని 1 నుంచి 8 వరకు మార్చుకోవచ్చు. చాలామంది తవ్వి వదిలేసిన చోట్ల కూడా నాణేలు మిగిలి ఉండడానికి ప్రధాన కారణం లోతు కన్నా ఈ మరుగేనని నేను గట్టిగా నమ్ముతాను. రికవరీ స్పీడ్‌ను 6, 7 దాకా పెంచి, కాయిల్‌ను నేలకు తగిలేంత దగ్గరగా, నెమ్మదిగా, కొద్ది వెడల్పులోనే ఊపుతూ వెళితే, రెండు ఇనుప గురగురల మధ్య క్షణకాలం తళుక్కుమనే సన్నని శబ్దం వినిపిస్తుంది. ఆ శబ్దాన్ని పట్టుకోవడం చెవికి నేర్పవలసిన విద్య. స్పీడ్ పెంచిన కొద్దీ లోతైన సంకేతాలు చిన్నవై తునకలవుతాయి కాబట్టి, ఇనుము తక్కువగా ఉన్న బయలు పొలంలోకి రాగానే దాన్ని 4, 5కు తగ్గించాలి. ఈ మార్పు గుర్తుపెట్టుకుని చేయవలసినదే, పరికరం తనంత తాను చేయదు.

దీనితో ముడిపడిన మరో అమరిక ఐరన్ బయాస్. తుప్పు పట్టిన పెద్ద రేకులు, సీసా మూతలు, వంగిన మేకులు, లోహాన్ని సూచించడానికి తెర మీద వచ్చే సంఖ్యల్లో, నాణేల మాదిరిగా మంచి సంఖ్యలు చూపి మోసగిస్తాయి. ఐరన్ బయాస్‌ను పెంచితే పరికరం అనుమానాస్పదమైన సంకేతాలను ఇనుము వైపు నెట్టేస్తుంది, తగ్గిస్తే నాణెం వైపు నెడుతుంది. 2019లో వచ్చిన సాఫ్ట్‌వేర్ నవీకరణ ఎఫ్ 2 అనే కొత్త ఐరన్ బయాస్‌ను చేర్చింది. సీసా మూతల బెడద ఉన్నచోట అది నిజంగా మేలు. కానీ కొత్త స్థలంలో దీన్ని ఎక్కువగా పెట్టుకోవద్దని నా సలహా. మేకును ఆనుకుని ఉన్న నాణెం ఇచ్చేది కూడా అనుమానాస్పదమైన సంకేతమే, పరికరానికి ఆ రెండింటి మధ్య తేడా కచ్చితంగా తెలిసే మార్గం లేదు. మొదటి రోజుల్లో కొన్ని తుప్పు ముక్కలు అదనంగా తవ్వడం వల్ల ఆ స్థలపు ఇనుము ఎలా పలుకుతుందో చెవికి తెలుస్తుంది, ఆ తరువాత బయాస్‌ను పెంచుకున్నా నష్టం ఉండదు. మోసపు ఇనుమును గుర్తించే పద్ధతి ఒకటి ఎప్పుడూ పనికొస్తుంది: సంకేతం చుట్టూ పావు వంతు తిరిగి మరోవైపు నుంచి కాయిల్ ఊపాలి. గుండ్రని నాణెం పడుకుని ఉంటే రెండు వైపుల నుంచీ ఒకే మాట చెబుతుంది. మేకు ఒకవైపు నుంచి నాణెంలా పలికినా మరోవైపు నుంచి గురగురమంటుంది, లేదా సంకేతం ఉన్న చోటే జరిగిపోతుంది. మరుగున పడ్డ నాణెం కూడా ఒక్కోసారి ఒకవైపు నుంచే వినిపిస్తుంది గనుక ఇనుము దట్టంగా ఉన్నచోట ఒకవైపు మాత్రమే స్పష్టంగా, మళ్లీ మళ్లీ ఒకేలా వచ్చే సంకేతాన్ని కూడా తవ్వాలి.

తెర మీద కనిపించే సంఖ్యల విషయానికి వస్తే, ఈ పరికరంలో నాకు సంతృప్తి తక్కువగా ఉన్నది ఇక్కడే. సంఖ్యలు మైనస్ 9 నుంచి 40 వరకు ఉంటాయి. సున్నా, అంతకు దిగువ ఉన్నవి ఇనుముకు, 1 నుంచి 40 వరకు మిగిలిన లోహాలకు కేటాయించారు. అన్ని రకాల రాగి, ఇత్తడి, వెండి, బంగారం, సీసం, అల్యూమినియం ఈ నలభై మెట్లలోనే సర్దుకోవాలి, ఫలితంగా పై కొసన పెద్ద రాగి నాణేలు, వెండి నాణేలు ఒకదానికొకటి దగ్గరగా ఇరుక్కుంటాయి. 2022 చివర్లో ప్రకటించిన ఈక్వినాక్స్ 900లో సంఖ్యల పరిధిని మైనస్ 19 నుంచి 99కి పెంచారు, ఆ మార్పు అవసరమైనదే. అయినా కొత్త స్థలంలో సంఖ్యను నమ్మి వదిలేయడం ఏ పరికరంతోనైనా ప్రమాదమే. సంఖ్య లోహాన్ని బట్టి ఎంత మారుతుందో నాణెం పరిమాణాన్ని, మందాన్ని, అరుగుదలను బట్టి అంతే మారుతుంది. పలుచని చిన్న వెండి నాణెం, రాగి ఎక్కువగా కలిపి పోసిన నాసిరకం వెండి నాణెం, చిల్లర కోసం సగానికి కోసిన నాణెం, చిన్న బంగారు నాణెం ఇవన్నీ అల్యూమినియం రేకు, డబ్బా మూత రింగు పలికే సంఖ్యల్లోనే పలుకుతాయి. ఆ చెత్తను తప్పించుకోవడానికి ఆ సంఖ్యలను మూసివేసినవారు తెలియకుండానే ఆ స్థలంలోని అత్యంత పాత నాణేలను మూసివేసినట్టే. లోతుగా ఉన్నప్పుడు, పక్కన ఇనుము ఉన్నప్పుడు సంఖ్య అటూ ఇటూ ఊగుతుంది కూడా. అందుకే నేను మొదటి సందర్శనలో సున్నాకు పైన స్థిరంగా వచ్చే ప్రతి సంకేతాన్నీ తవ్వుతాను, తవ్వినవాటి సంఖ్య, లోతు, వస్తువు చిన్న పుస్తకంలో రాసుకుంటాను. కొంతసేపటికి ఆ స్థలానికి మాత్రమే వర్తించే జాబితా ఒకటి తయారవుతుంది. ఇతరుల జాబితాలు ఎన్ని చదివినా దానికి సాటిరావు.

లోతు గురించి చెప్పవలసింది కొంచెమే. మామూలు మట్టిలో నాణేల పరిమాణంలో ఉన్న వస్తువులను ఇది పోటీ పరికరాలకు తీసిపోకుండా పట్టుకుంటుంది. తెర మీద ఉండే లోతు బాణాలు నాణెం పరిమాణంలో ఉన్న వస్తువుకు లెక్క కట్టినవి కాబట్టి, పెద్ద రేకు ముక్కను అవి దగ్గరగా ఉన్నట్టు చూపుతాయి. దున్నిన పొలంలో నాగలి నాణేన్ని ఏటేటా కదిలిస్తూనే ఉంటుంది, లోతుగా ఉన్నంత మాత్రాన పాతది అనుకోవడానికి వీల్లేదు.

పాత ఇళ్ల ఆనవాళ్ల మీద ఎక్కువగా తిరగదలచినవారు 6 అంగుళాల చిన్న కాయిల్‌ను వేరుగా కొనుక్కోవడం నేను గట్టిగా సూచిస్తాను. చిన్న కాయిల్ కిందకు ఒకేసారి తక్కువ మేకులు వస్తాయి, గోడల మొదళ్ల దగ్గర, చెట్ల వేళ్ల మధ్య, మోడుల నడుమ అది సులువుగా దూరుతుంది. పెద్ద బయళ్ల కోసం 15 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ఉన్న కాయిల్ కూడా ఉంది, కానీ దాని బరువు రోజంతా మోయడం అందరికీ సాధ్యం కాదు. ఏ కాయిల్ వాడినా అడుగు కవచాన్ని అప్పుడప్పుడు తీసి కడగాలి. అందులో పేరుకున్న ఖనిజపు మట్టి పరికరాన్ని లేనిపోని శబ్దాలు చేయిస్తుంది.

పరికరం మొత్తం 3 మీటర్ల లోతు నీటిని తట్టుకుంటుంది కాబట్టి పాత రేవుల దగ్గర, వాగు దాటే చోట్ల దిగి వెతకవచ్చు. మనుషులు నీటిని దాటిన ప్రతి చోటా నాణేలు పడ్డాయి, కొన్నిచోట్ల మొక్కుగా వేశారు కూడా. అయితే దీనితో వచ్చే బ్లూటూత్ హెడ్‌ఫోన్లు నీటికి తట్టుకునేవి కావు, నీటిలో వైర్‌లెస్ సంకేతం ప్రసరించదు కూడా. నీటిలో పనిచేయడానికి తీగతో ఉండే ప్రత్యేక హెడ్‌ఫోన్లు కొనాలి. లోపలి బ్యాటరీ సుమారు 12 గంటలు వస్తుంది, ఒక రోజుకు ఎక్కువే. ఛార్జింగ్ తీగకు అయస్కాంతపు మొన ఉంటుంది, అది ఈ పరికరానికే ప్రత్యేకం. దూరప్రాంతానికి వెళ్లేటప్పుడు అది మరిచిపోతే మరో తీగతో పని జరగదు. సంకేతం ఉన్న చోటును కచ్చితంగా చూపే చేతి పిన్‌పాయింటర్ పెట్టెలో రాదు, అది కూడా వెంట తీసుకోవలసినదే. అది లేకుండా తవ్వే గొయ్యి అనవసరంగా పెద్దదవుతుంది, పార అంచు నాణేనికి తగిలే ప్రమాదమూ పెరుగుతుంది.

ఎంత మంచి పరికరమైనా నేల యజమాని అనుమతి లేకుండా బయటికి తీయకూడదు. రక్షిత స్మారక స్థలాల్లో లోహశోధన అనేక దేశాల్లో నిషిద్ధం, దొరికినవాటిని ప్రభుత్వానికి తెలియజేయవలసిన నియమాలు దేశానికొక విధంగా ఉన్నాయి. ఇంటి నుంచి బయలుదేరేముందే అవి తెలుసుకుని ఉండాలి. ఒకే చోట ఒకదాని వెంట ఒకటిగా నాణేలు బయటపడుతుంటే తవ్వకం ఆపివేసి పురావస్తు శాఖకు చెప్పడమే సరైన పని. 1992లో ఇంగ్లండ్‌లోని హాక్స్‌న్ గ్రామం వద్ద రోమన్ నాణేల నిధి బయటపడినప్పుడు దాన్ని కనుగొన్న వ్యక్తి మొత్తం తవ్వుకోకుండా కబురు పంపడం వల్లనే, సుమారు 15 వేల నాణేలు, వెండి చెంచాలు, బంగారు నగలు కొయ్యపెట్టెలో ఏ వరుసలో ఉంచారన్నది కూడా నిపుణులు నమోదు చేయగలిగారు. ఇది ఈ పరికరం గురించిన మాట కాకపోయినా, డిటెక్టర్ కొనేవారెవరికైనా చెప్పకుండా ఉండలేను. అలాగే మట్టిలోంచి తీసిన నాణేన్ని అక్కడికక్కడే వేలితో రుద్దకూడదు. ఇసుక రేణువులు గీతలు పెడతాయి, రాగి మీది చిలుము పొరతో పాటు అక్షరాలూ పోతాయి.

తక్కువ ధరలో దొరికే ఈక్వినాక్స్ 600 సరిపోతుందా అన్న ప్రశ్నకు నా జవాబు స్థలాన్ని బట్టి ఉంటుంది. అందులోనూ మల్టీ ఐక్యూ ఉంది, పార్క్, ఫీల్డ్, బీచ్ మోడ్‌లూ ఉన్నాయి. కానీ రికవరీ స్పీడ్ మూడు మెట్లకే పరిమితం, 20, 40 కిలోహెర్ట్జ్‌లు లేవు, సొంత అమరికను దాచుకుని ఒక్క నొక్కుతో పిలుచుకునే బటన్ లేదు. పొలాల్లోనే తిరిగేవారికి 600 చాలు. ఇనుముతో నిండిన పాత నివాసస్థలాలే లక్ష్యమైతే రికవరీ స్పీడ్‌లోని ఆ సూక్ష్మమైన మెట్ల కోసమే 800కు ఎక్కువ చెల్లించడం సమంజసం. కొత్త మోడల్ వచ్చాక పాత 800లు వాడినవి చాలా అమ్మకానికి వస్తున్నాయి. వాటిని కొనేటప్పుడు ఛార్జింగ్ పిన్నులకు తుప్పు పట్టిందేమో, కాయిల్‌ను కడ్డీకి బిగించే చెవుల్లో పగుళ్లున్నాయేమో చూడాలి, నకిలీలు కూడా తిరుగుతున్నందున క్రమసంఖ్యను తయారీదారు వద్ద సరిచూసుకోవాలి. ఆపైన ఒక నాణేన్ని మేకు పక్కన పెట్టి, రికవరీ స్పీడ్‌ను 3 నుంచి 7కు మారుస్తూ, అమ్మేవారి ఎదుటే కాయిల్ ఊపి వినాలి.